మచ్చను కాదు, నరాన్ని చూడండి

మన జిల్లాలో ఇప్పటికీ గొంతు తగ్గించి పలికే రోగం ఒకటుంది. మా వూళ్ళో ముసలివాళ్ళు దాని పేరెత్తరు, ‘పెద్దరోగం’ అని వూరుకుంటారు. పుస్తకాల్లో కుష్ఠు అని రాస్తాం. సర్కారు లెక్కల్లో 2005 డిసెంబరు నాటికే అది ‘ప్రజారోగ్య సమస్యగా’ తొలగిపోయింది. తొలగిపోయిందంటే అంతరించిందని కాదు. దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక రోగి కన్నా తక్కువకు దిగిందని మాత్రమే. ఈ తేడా చాలామందికి పట్టలేదు. రోగమే లేదనుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో కొత్తగా బయటపడ్డ కేసులు 1,82,815. అందులో సగానికి పైగా మన దేశానివే. లేని రోగానికి ఇన్ని కేసులు ఎక్కడివి?

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. కుష్ఠును చర్మరోగంగా చూడటం మానేసి, నరానికి తగిలే దెబ్బగా చూడటం మనం నేర్చుకోవాలి. జాలితోనో, దయతోనో అంటున్న మాట కాదిది. జీవశాస్త్రం పాతికేళ్ళ నుంచీ చెబుతున్న మాట. ఆ శాస్త్రం చదువుకుంటున్న మనమే దాన్ని పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

ఈ రోగంతో మన ప్రాంతానికి పాత పరిచయం వుంది. నిజామాబాదు నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే దాదాపు పదిహేను కిలోమీటర్లకు డిచ్‌పల్లి వస్తుంది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం అక్కడే వుంది కనుక ఆ పేరు వినగానే మనకు యూనివర్సిటీ గుర్తొస్తుంది. మా తాతల తరానికి మాత్రం డిచ్‌పల్లి అంటే ఆసుపత్రి. స్కాట్లండులో పుట్టి, 1903లో ఆబర్డీన్‌లో వైద్య పట్టా పుచ్చుకున్న ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి ఈ దేశం వచ్చింది. నిజామాబాదులో పని మొదలుపెట్టి, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని నిలబెట్టింది. దానికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్. పరాయి దేశపు క్రైస్తవ డాక్టరు, ఈ గడ్డమీది హిందూ దాత, నిజాం రాజ్యం – ముగ్గురూ కలిస్తే నిలబడ్డ ఆసుపత్రి అది. ఆనాటి మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించేవారు. 1932లో ఆమె కన్నుమూసే నాటికి అంతకన్నా మంచి మందు లేదు. డాప్సోన్ తరగతి మందులు 1940ల్లో వచ్చాయి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సిఫారసు చేసింది 1981లో.

రోగాన్ని తెచ్చే సూక్ష్మజీవి మాత్రం ఇసబెల్ కెర్ పుట్టకముందే తెలుసు. 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ దాన్ని చూశాడు. కాని అది నరాన్నే ఎందుకు పట్టుకుంటుందో ఆమె కాలంలో ఎవరూ చెప్పలేకపోయారు. క్షయ క్రిమికి ఇది దగ్గరి చుట్టం. క్షయ ముఖ్యంగా వూపిరితిత్తుల్ని తింటుంది, ఇది చేతి నరాన్నీ కాలి నరాన్నీ వెతుక్కుంటూ పోతుంది. ఎందుకు?

జవాబు దొరకడానికి అంతకాలం పట్టడానికి కారణం వుంది. మన ల్యాబులో పెంచే మామూలు బాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతుంది. కుష్ఠు క్రిమికి రెండింతలు కావడానికి దాదాపు రెండు వారాలు కావాలి. పైగా గాజు గిన్నెలో ఏ ఆహారం పెట్టినా పెరగదు. 1960లో ఎలుక అరికాల్లో పెంచగలిగారు. 1970ల మొదట్లో అమెరికాలోని ఆర్మడిల్లో అనే జంతువులో పెంచారు. రెండూ చల్లగా వుండే చోట్లే. ఆర్మడిల్లో ఒంటి వేడి మనకన్నా తక్కువ, ఎలుక పాదం దాని ఒంటికన్నా చల్లన. మనిషిలోనూ ఈ క్రిమి మోచేతి దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర, అంటే చర్మానికి దగ్గరగా కాస్త చల్లగా వుండే నరాల్నే ఎంచుకుంటుంది.

చల్లదనం ఒక్కటే కారణమైతే చర్మంతో సరిపెట్టుకోవాలి గదా. నరంలోకి దారి చూపిస్తున్నదేమిటి? ఇక్కడే మన కణజీవశాస్త్రం పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి పోయే ప్రోటీను ముందుకొస్తుంది. దాని పేరు లామినిన్.

నరంలో సమాచారం మోసే పోగును ష్వాన్ కణాలు చుట్టుకుని వుంటాయి. ఒక్కో ష్వాన్ కణం బయటివైపున చాలా పల్చటి పొర ఒకటి గొట్టంలా పరుచుకుని వుంటుంది. ఆ పొరలో ముఖ్యమైన సరుకు లామినిన్. మూడు గొలుసులు పెనవేసుకుని శిలువ ఆకారంలో వుండే ఈ ప్రోటీనును శాస్త్రవేత్తలు 1979లో వివరించారు. దీని పని అంటించడం. ఒక కొసతో పొరను పట్టుకుంటుంది, ఇంకో కొసతో ష్వాన్ కణం మీద వున్న డిస్ట్రోగ్లైకన్ లాంటి కొక్కేలను పట్టుకుంటుంది. కణం తన చోట తాను నిలబడి, పోగు చుట్టూ మైలిన్ తొడుగు చుట్టాలంటే ఈ పట్టు వుండాలి. పుట్టుకతోనే ఈ రకం లామినిన్ లోపించిన పిల్లలకు కండరాలు బలహీనంగా వుంటాయి, మైలిన్ కూడా సరిగా ఏర్పడదు. అంత అవసరమైన బంక ఇది.

లామినిన్‌లు చాలా రకాలు. ష్వాన్ కణాల చుట్టూ వుండే రకాన్ని లామినిన్-2 అనేవారు. 1997లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో అనురా రంబుక్కన, ఆయన సహచరులు ఒక సంగతి బయటపెట్టారు. కుష్ఠు క్రిమి ఈ లామినిన్-2 కొసను, అంటే ష్వాన్ కణాన్ని పట్టుకునే కొసనే, అంటిపెట్టుకుంటుంది. మరుసటి ఏడాది అవతలి వైపు కొక్కెం డిస్ట్రోగ్లైకన్ అని తేలింది. 2000లో, ఈ క్రిమి పైపూతలో వుండే ఒక ప్రత్యేకమైన చక్కెర కలిసిన కొవ్వు కూడా లామినిన్‌ను పట్టుకోగలదని చూపించారు. అంటే క్రిమి నరం తలుపు బద్దలు కొట్టడం లేదు. ఇల్లు నిలబడటానికి మనం కట్టుకున్న దూలాన్నే పట్టుకుని లోపలికి ఎక్కుతోంది.

ఇదొక్కటే దారి అని నేననను. నరం లోపలి రక్తనాళాల ద్వారా కూడా అది చేరుతుందంటారు. 2017లో చిన్న చేప పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, క్రిమిని మింగిన మన రక్షణ కణాలే నరపు పోగును దెబ్బతీస్తాయని తేలింది. రోగుల్లో కూడా నరం ఎక్కువగా చెడేది క్రిమి తిన్నందువల్ల కాదు, దానిమీద ఒంటి రక్షణ వ్యవస్థ విరుచుకుపడినప్పుడు వచ్చే వాపువల్ల. ఆ వాపు మందులు వాడుతుండగా రావచ్చు, వాడటం అయిపోయాకా రావచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా వాదన దీనిమీదే నిలబడి వుంది.

లామినిన్ కథలో రెండో సగం ఇంకా వుంది. కొడవలి తగిలి వేలి నరం తెగిందనుకుందాం. తెగిన చోటికి అవతల వున్న పోగు క్షీణించిపోతుంది. ష్వాన్ కణాలు మాత్రం చావవు. చెత్తను తొలగించి, ఆ పాత గొట్టం లోపలే వరస కట్టి, లామినిన్‌ను పరుస్తాయి. ఇవతలి నుంచి కొత్త పోగు మొలకెత్తి ఆ లామినిన్‌ను పట్టుకుంటూ పట్టుకుంటూ ముందుకు పాకుతుంది. నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. కాలువలో నీళ్ళు ఆగిపోయినా గట్టు నిలిచి వుంటే, నీళ్ళు వదిలిననాడు మళ్ళీ అదే మడికి చేరతాయి. గట్టే తెగిపోతే ఎన్ని నీళ్ళు వదిలినా ఏం లాభం? నరానికి గట్టు ఆ గొట్టమే.

అయితే ఆ పాకుడు వేగం రోజుకు సుమారు ఒక్క మిల్లీమీటరు. మోచేతి నుంచి వేలి కొసకు నలభై సెంటీమీటర్లనుకున్నా నాలుగు వందల రోజులు. ఈ లోపల కండరం పనిలేక ఎండిపోతూ వుంటుంది. కుష్ఠులో నరం ఒక్క చోట తెగదు, జానెడు పొడవున వాచి, గట్టిపడి, మచ్చకడుతుంది. అందుకే డాక్టర్లు ఆరు నెలల లెక్క చెబుతారు. స్పర్శ పోయి ఆరు నెలలు దాటకముందే గుర్తుపట్టి, వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ మందు డాక్టరు పర్యవేక్షణలో ఇస్తే చాలా నరాలు కోలుకుంటాయి. ఆలస్యమైనకొద్దీ ఆశ తగ్గుతుంది. మందు మన దగ్గర వుంది, కాలమే మన చేతిలో లేదు.

మాది బోధన్ దగ్గర పల్లె. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు మా ఇంట్లో చెరుకే పంట. 2015లో అది మూతపడ్డాక వరికి మళ్ళినవాళ్ళలో మేమూ వున్నాం. మా వాడలో ఒక కాక వున్నాడు, పేరు రాయను. ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలిన మనిషి. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ వచ్చి రెండేళ్ళు వుంది. “నొప్పి లేదు, దురద లేదు. గిది గూడ రోగమేనా బిడ్డా?” అనేవాడట అడిగినవాళ్ళతో. ఎవరో తామర అని పూత మందు రాసిచ్చారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ వంకర తిరిగాక గానీ అసలు రోగం బయటపడలేదు. పన్నెండు నెలలు మందులు మింగాడు. క్రిములు చచ్చాయి. కాగితం మీద ఆయన రోగి కాడు. కాని ఆ చేత్తో కొడవలి పట్టలేడు. ఒకరోజు మా ఇంట్లో చాయ్ తాగి పోతుంటే, వేడి గ్లాసుకు వేలు కాలి బొబ్బ లేచిందని గమనించింది మా అమ్మే గాని ఆయన కాదు. ఆ రాత్రి మా బాపు అన్న మాట: “నరం సచ్చినంక గోలీలేం జేస్తయి?”

మా బాపు బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. కాని ఈ రోగం గురించి నేను చదివినదంతా ఆ ఒక్క ప్రశ్నలో వుంది. గోలీలు క్రిమిని చంపుతాయి, నరాన్ని మొలిపించవు. క్రిమి చచ్చిపోవడం, మనిషి బాగుపడటం – ఈ రెండూ ఒకటి కావు.

ఇక్కడ ఇంకో అపోహ తొలగాలి. కుష్ఠు వస్తే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అనుకుంటాం. వెల్లూరులో పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ 1940ల చివరి నుంచి రోగుల చేతుల్ని ఓపిగ్గా పరిశీలించి, అది తప్పని చూపించాడు. వేళ్ళను పోగొట్టేది రోగం కాదు, నొప్పి తెలియకపోవడం. కోసిన చెరుకు మొదలు అరికాల్లో గుచ్చుకుంటే మనం కుంటుతాం. ఆ కుంటడమే పుండును కాపాడుతుంది. నొప్పి తెలియనివాడు కుంటడు, అదే పుండు మీద సాయంత్రం దాకా నడుస్తాడు. పుండు ఎముకదాకా పోతుంది. మన పొలాల్లో కాళ్ళకు చెప్పులు లేకుండా, చేతులకు తొడుగులు లేకుండా పనిచేసేవాళ్ళకు ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. మిగతా రోగాలు నొప్పితో మనల్ని ఆసుపత్రికి తరుముతాయి. ఈ రోగం నొప్పి లేకుండా చేసి ఇంట్లోనే కూర్చోబెడుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. ఈ రోగం మీద మన గెలుపును క్రిముల లెక్కతో కొలిస్తే చాలదు, చేతుల లెక్కతో కొలవాలి. కొత్త కేసులు ఎన్ని తగ్గాయన్నదానికన్నా, ఎన్ని చేతులు వంకర పోకముందే దొరికాయన్నది అసలు ప్రశ్న. చికిత్స పూర్తయినవారి నరాల్ని ఆ తర్వాత కూడా కొన్నేళ్ళపాటు పరీక్షిస్తూ వుండాలి. వాపు తర్వాత కూడా రావచ్చని పైన చెప్పాను గదా.

కొందరు మిత్రులు అడగవచ్చు: వూరికొకరికో ఇద్దరికో వున్న రోగం కోసం ఇంత హడావిడి ఎందుకు? వూళ్ళలో ఇప్పుడు షుగరు వ్యాధి అంతకు ఎన్నోరెట్లు వుంది గదా అని. నిజమే. కాని షుగరు వ్యాధి ముదిరితే చచ్చేది కూడా పాదాల నరాలే. ఆ పాదానికి కూడా మొదలు గుచ్చుకుంటే తెలియదు. అరికాలి స్పర్శ పరీక్ష నేర్చుకున్నవాడు రెండు రోగాలకూ పనికొస్తాడు. ఒక్క శ్రమతో రెండు పంటలు వస్తుంటే కాదనడం ఏ రైతు లెక్క?

ఆ పరీక్షకు కావలసింది ఒక బాల్‌పెన్ను. మనిషిని కళ్ళు మూసుకోమని, పెన్ను కొసతో చర్మం కొద్దిగా నొక్కుకునేంత మెల్లగా అరచేతిమీద, అరికాలిమీద అక్కడక్కడ తాకి, ఎక్కడ తాకామో వేలితో చూపమనాలి. చూపలేకపోతే ఆ చోట నరానికి ఏదో అయింది. చిటికెన వేలిని పక్కకు చాచి బలంగా నిలపగలడా, మణికట్టు పైకెత్తగలడా, పాదం పైకి లేపగలడా, కళ్ళు గట్టిగా మూయగలడా – ఇవి చూడాలి. రంగు తగ్గిన మచ్చ వుంటే దూది పోగుతో తాకి చూడాలి. ఇంతకు మించి మనం చెయ్యకూడదు. రోగం పేరు చెప్పడం, మందివ్వడం డాక్టరు పని. మన పని, అనుమానం వున్న మనిషిని ఆ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడు తీసుకుపోవడం. మందులు అక్కడ ఉచితం.

విద్యార్థి సంఘానికి నా మనవి ఇదే. ఏటా జనవరి 30న, గాంధీ వర్ధంతి నాడు, కుష్ఠు నివారణ దినం పాటిస్తారు. ఆ రోజు సభపెట్టి దండ వేసి వచ్చేయడం కాకుండా, ముందు వారమంతా జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం విద్యార్థులకు ఈ పరీక్ష నేర్పించండి. నేర్పడానికి జిల్లా వైద్య సిబ్బందిని పిలవండి. ఎన్.ఎస్.ఎస్. శిబిరం పెట్టే పల్లెలో ఆశా కార్యకర్తతో కలిసి ఇల్లిల్లూ తిరుగుదాం. అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. లామినిన్ గురించి చెప్పే రోజున పది నిమిషాలు డిచ్‌పల్లి గురించి చెప్పండి. ప్రోటీను పేరు పరీక్ష రాసి మరచిపోతాం, చేతి కథను మరచిపోం.

భయపడవలసిన పని లేదని కూడా చెప్పి తీరాలి. మనలో నూటికి 95 మందికి పైగా ఈ క్రిమిని సహజంగానే తట్టుకుంటారు. మందు మొదలుపెట్టిన రోగి నుంచి రోగం అంటే ప్రమాదం త్వరగానే పోతుంది. చెయ్యి కలిపినంత మాత్రాన రాదు, వంకర తిరిగిన వేళ్ళ నుంచి అసలే రాదు. రోగుల్ని వెలివేసి వుంచే 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు 2016లో రద్దు చేసింది. కుష్ఠు వుందని విడాకులు కోరే వీలును 2019లో తీసేసింది. చట్టం మారింది, మన గొంతులే ఇంకా తగ్గి పలుకుతున్నాయి. గొంతు తగ్గించినంతకాలం మచ్చను చొక్కా చేతికింద దాచేవాళ్ళు దాస్తూనే వుంటారు. దాచిన ప్రతి నెలా ఆ ఆరు నెలల గడువులోంచి పోతుంది.

ఒకనాడు స్కాట్లండు నుంచి వచ్చిన ఒకామె, చేతిలో సరైన మందు లేకపోయినా, ఇక్కడ కూర్చుని ఈ రోగులకు పుండ్లు కడిగింది. మనకు మందు వుంది, కారణం తెలుసు, ఏ ప్రోటీనును పట్టుకుని క్రిమి నరంలోకి పోతుందో కూడా తెలుసు. ఇక వెళ్ళవలసింది పదిహేను ఇరవై కిలోమీటర్లు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, మిత్రులారా, జేబులో పెన్ను వుంచుకోండి.